కార్డు మీద ‘దౌ’ వేయించాలనుకునే వాళ్ళకి

పర్లాకిమిడిలో మాది చిన్న ప్రెస్సు. పెళ్ళి కార్డులు, గృహప్రవేశాలు, జ్ఞాపకార్థ కూడికల కార్డులు, సన్మాన పత్రాలు, బిల్లు బుక్కులు వేస్తాం. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ ఒకే బల్ల మీద నడుస్తాయి. ఈ మధ్య ఇంగ్లీషు మేటర్లో పాత మాటల మోజు బాగా పెరిగింది. ఫోన్లో ఎక్కడో చూసి, “మేడం, ఇదిగో ఇలాగే వేసీండి, రాజుల కాలం నాటి ఇంగ్లీషులా ఉండాల” అని పంపేస్తారు. అందులో దౌ ఉంటుంది, దీ ఉంటుంది, హ్యాథ్ ఉంటుంది. ఏది ఎక్కడుండాలో మాత్రం చాలామందికి తెలీదు. ప్రూఫు చూపించేటప్పుడు ఒక్కొక్కరికీ చెప్పేదంతా ఇక్కడ ఒకేసారి రాసేస్తున్నాను. ఇంగ్లీషు మాటల్ని తెలుగు అక్షరాల్లోనే రాశాను. పైకి చదువుకోండి, తప్పు చెవికే తగులుతుంది.

ముందుగా ఒక అపోహ. టి, హెచ్, ఓ, యు అని రాసే ‘దౌ’ ఏదో మహా గౌరవమైన మాట అని అందరూ అనుకుంటారు. కాదు. అది అచ్చంగా మన ‘నువ్వు’. ఇప్పుడు ఇంగ్లీషులో అందరికీ వాడే ‘యూ’ ఒకప్పుడు ‘మీరు’. అంటే ఇంగ్లీషు వాళ్ళు నువ్వుని వదిలేసి మీరుని ఉంచుకున్నారు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతా సగం దానంతటదే వస్తుంది. ఒడియా మాట్లాడేవాళ్ళకైతే ఇంకో మాట చెబుతాను: మీకు తు, తుమే, ఆపణ అని మూడు మెట్లున్నాయి కదా, దౌ పై మెట్టు మీదికి ఎప్పుడూ ఎక్కదు.

ఇక రూపాలు. నువ్వు అనాల్సిన చోట దౌ. నిన్ను, నీకు, నీతో అనాల్సిన చోట దీ. నీ అనాల్సిన చోట దై. నీది అనాల్సిన చోట దైన్. “దౌ సీయెస్ట్ మీ” అంటే నువ్వు నన్ను చూస్తావు. “ఐ సీ దీ” అంటే నేను నిన్ను చూస్తాను. తెలుగులో “నేను నువ్వు చూస్తాను” అని ఎవరైనా అంటారా? “ఐ లవ్ దౌ” అంటే అదే. పెళ్ళి కార్డు మీద గుండె బొమ్మ లోపల అది రాయించుకుందామని వచ్చినవాళ్ళున్నారు. గుండె బొమ్మ ఉంచాను, దౌ తీసి దీ పెట్టాను.

దైన్‌కి ఇంకో వాడుక ఉంది. వెనక వచ్చే మాట అచ్చుతో మొదలైతే ‘దై’ బదులు ‘దైన్’ వస్తుంది. దై నేమ్, దై హౌస్, కానీ దైన్ ఐస్, దైన్ ఇయర్స్. హెచ్‌తో మొదలయ్యే మాటల ముందు పాత రాతల్లో రెండూ కనిపిస్తాయి. “దైన్ హ్యాండ్” చూసి తప్పనుకుని దిద్దకండి.

క్రియల దగ్గరే అసలు ప్రమాదం. కానీ తెలుగువాళ్ళకి ఇక్కడే సుళువు కూడా. నువ్వు వస్తావు, మీరు వస్తారు, వాడు వస్తాడు అని మనకి మనిషిని బట్టి క్రియ తోక మారుతుంది. ఇప్పటి ఇంగ్లీషులో ఆ తోకలు దాదాపు ఊడిపోయాయి, పాత ఇంగ్లీషులో ఉండేవి. దౌ పక్కన వచ్చే క్రియకి చివర ‘ఎస్ట్’ గానీ ‘స్ట్’ గానీ ఉండాలి: దౌ గోయెస్ట్, దౌ నోయెస్ట్, దౌ గివెస్ట్, దౌ కమెస్ట్. అది మన ‘వస్తావు’లోని ‘వు’. హీ, షీ, ఇట్ పక్కన వచ్చే క్రియకి ‘ఎథ్’ ఉండాలి: హీ గోయెథ్, షీ గివెథ్. అది మన ‘డు’, ‘ది’. ఈ రెండు తోకల్నీ కలిపేయడమే నా బల్ల మీదికి వచ్చే మేటర్లో అన్నిటికంటే ఎక్కువ కనిపించే తప్పు. “దౌ హ్యాథ్ బ్లెస్డ్ అస్” అని రాస్తారు. అది “నువ్వు మమ్మల్ని దీవించాడు” అన్నట్టు. చదివేవాడికి పాత ఇంగ్లీషు వస్తే మొదట నవ్వుతాడు, తర్వాత కార్డు తిరగేసి ప్రెస్సు పేరు చూస్తాడు. దౌ అయితే హ్యాస్ట్, హీ అయితే హ్యాథ్. ‘ఐ’ పక్కన వీటిలో ఏదీ రాదు, మామూలు హ్యావ్ చాలు. డు కూడా హీ పక్కన ‘డథ్’ అవుతుంది, కానీ “ఐ డథ్” అన్నది ఏ కాలంలోనూ లేదు.

కొన్ని క్రియలు ఈ లెక్కకి లొంగవు, వాటిని కంఠస్థం చేయాల్సిందే. దౌ పక్కన ఆర్ రాదు, ‘ఆర్ట్’ వస్తుంది. వాజ్ బదులు ‘వాస్ట్’, కొన్ని చోట్ల ‘వర్ట్’. డు బదులు ‘డస్ట్’, డిడ్ బదులు ‘డిడ్‌స్ట్’. హ్యాడ్‌కి ‘హ్యాడ్‌స్ట్’, క్యాన్‌కి ‘క్యాన్‌స్ట్’, వుడ్‌కి ‘వుడ్‌స్ట్’. షల్‌కి ‘షల్ట్’, విల్‌కి ‘విల్ట్’. మస్ట్ మాత్రం మస్టే, దాని చివర అప్పటికే స్ట్ ఉంది, ఇంకోటి తగిలించనక్కర్లేదు.

భూతకాలం రాయాలంటే కొత్తవాళ్ళకి నా సలహా ఒకటే: డిడ్‌స్ట్ పెట్టి వెనక మామూలు క్రియ రాసేయండి. దౌ డిడ్‌స్ట్ లవ్, దౌ డిడ్‌స్ట్ టీచ్. ‘లవ్డ్’ చివర కూడా స్ట్ తగిలించి రాసిన పాత వాక్యాలున్నాయి గానీ, నోరు తిరగదు, కార్డు మీద అచ్చుతప్పులా కనిపిస్తుంది.

ఆజ్ఞలకి తోక ఉండదు. “గో దౌ”, “కమ్ దౌ”, అంతే. ప్రశ్న అడగాలంటే క్రియ ముందుకొస్తుంది: “విదర్ గోయెస్ట్ దౌ?” అంటే ఎక్కడికి వెళ్తున్నావు. కాదనాలంటే నాట్ వెనక్కి పోతుంది: “దౌ నోయెస్ట్ నాట్”, నీకు తెలీదు. ‘ఇఫ్’ వచ్చినచోట, అంటే అలా అయితేగియితే అనే అనుమానం ఉన్నచోట, చాలాసార్లు తోక రాలిపోతుంది: “ఇఫ్ దౌ బీ...”. ఇది సూక్ష్మం, కార్డుల్లో అవసరం తక్కువ. దాటేస్తున్నాను.

దాటకూడనిది ఇంకోటుంది. క్రైస్తవ కుటుంబాల కార్డుల్లో ప్రభువు ప్రార్థన మొదటి వాక్యం తరచుగా వస్తుంది. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్లో అది “అవర్ ఫాదర్ విచ్ ఆర్ట్ ఇన్ హెవెన్” అని ఉంటుంది. అందులో దౌ అనే మాటే కనిపించదు, మరి ఆర్ట్ ఎలా వచ్చింది? తండ్రిని ఎదురుగా పెట్టుకుని పిలుస్తున్నాం కాబట్టి, నువ్వు అన్నది లోపలే దాగుంది. ‘పరలోకమందున్న నువ్వు’ అన్నమాట. ఎవరో దీన్ని సరిదిద్దామనుకుని “విచ్ ఈజ్ ఇన్ హెవెన్” చేసి తెస్తారు. ఒక పెద్దాయనైతే ఆర్ట్ అంటే చిత్రకళ కదా, దేవుడి వాక్యంలో అదెందుకని తీసేయమన్నారు. దాని వెనకే “హాలోడ్ బీ దై నేమ్” వస్తుంది. తెలుగు బైబిల్లో అది ‘నీ నామము’. అక్కడా నువ్వే, ఇక్కడా నువ్వే. మీ నామము అని తెలుగులో ఎవరూ ప్రార్థన చెయ్యరు.

దేవుణ్ణి నువ్వు అంటే అగౌరవం కాదా అని ఇంగ్లీషు మీడియం పిల్లలు అడుగుతుంటారు. అడగాల్సిన ఊరేనా ఇది? జగన్నాథుణ్ణి నోరారా ‘కాళియా’ అని పిలుస్తారు ఇక్కడ. దేవుడితో దగ్గరితనం ఉంటుంది, అందుకని నువ్వు. మనుషుల దగ్గర మాత్రం లెక్క వేరు. కింగ్ జేమ్స్ బైబిలు ఒక్కరైతే దౌ, ఎక్కువమందైతే యీ అని ఒకటే లెక్క పెట్టుకుంది, రాజైనా కూలీ అయినా తేడా లేదు. బయట వీధిలో ఇంగ్లీషువాళ్ళు అప్పటికే దౌని స్నేహితులకీ పిల్లలకీ నౌకర్లకీ తిట్లకీ వాడుతున్నారు, పెద్దవాళ్ళని యూ అంటున్నారు. 1603లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణ జరిగినప్పుడు సర్కారు తరఫున వాదించిన ఎడ్వర్డ్ కోక్ కోపం పట్టలేక “ఐ దౌ దీ, దౌ ట్రెయిటర్” అన్నాడు. నిన్ను నువ్వు అంటున్నానురా ద్రోహీ అని. చూశారా, దౌ అన్నదాన్నే క్రియగా వాడేశాడు. మనం “నన్ను నువ్వు అంటావా?” అని గొడవకి దిగుతామే, అదే. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకి క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు మనుషులంతా సమానం అంటూ జడ్జీలని కూడా దౌ అని పిలిచి నానా తిప్పలు పడ్డారు. ఆ క్వేకర్లే తర్వాత్తర్వాత “దీ ఈజ్” అని కొత్త వాడుక తెచ్చుకున్నారు. అది వాళ్ళ ఇంటి మాట, మీరు కార్డు మీద వేయకండి.

ఇప్పుడు కార్డుల సంగతికి వద్దాం.

పెళ్ళి పిలుపు కార్డు మీద దౌ వద్దు. “దౌ ఆర్ట్ కార్డియల్లీ ఇన్వైటెడ్” వ్యాకరణం ప్రకారం సరైనదే, మర్యాద ప్రకారం కాదు. పాతపట్నం నుంచి ఒక అబ్బాయి ఇదే పట్టుకొచ్చాడు. కార్డుకి ఒకవైపు తెలుగులో ‘తామెల్లరు సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి’ అని ఉంది. రెండోవైపు ఇంగ్లీషులో మావగారి తరఫు పెద్దలందర్నీ నువ్వొక్కడివే రారా అన్నట్టుంది. “బాబూ, మీ మావయ్యని నువ్వు అంటావా?” అని అడిగితే, “అమ్మో, ఊరుకుంటాడేటి!” అన్నాడు. అంత పాతగా కావాలంటే ‘యీ’ వాడుకోవచ్చు. వై, ఇ. అది బహువచనం, మీరు అని. దానికి కర్మ రూపం ‘యూ’. యోహాను 8:32లో రెండూ ఒక్క వాక్యంలోనే దొరుకుతాయి: “యీ షల్ నో ది ట్రూత్, అండ్ ది ట్రూత్ షల్ మేక్ యూ ఫ్రీ”. మీరు తెలుసుకుంటారు అన్నచోట యీ, మిమ్మల్ని అన్నచోట యూ. యీ పక్కన క్రియకి తోక ఉండదు, షల్ట్ కాదు షల్. అయినా పిలుపు కార్డుకి ఇవేవీ కాకుండా మామూలు ఇంగ్లీషే బాగుంటుందని నా అభిప్రాయం.

ఒక్క పిలుపు కార్డు మీద మాత్రం దౌ చక్కగా నప్పుతుంది. ఒడియా ఇళ్ళలో మొదటి కార్డు పూరీ జగన్నాథుడికి ఇస్తారు. ఆ ఒక్క కార్డు లోపల చేత్తో “కమ్ దౌ, అండ్ బ్లెస్ దై చిల్డ్రన్” అని రాసుకోండి. ఎవరూ తప్పు పట్టరు.

చర్చి పెళ్ళిళ్ళ వాళ్ళు ప్రమాణంలోని మాటలు కోరతారు: “విత్ దిస్ రింగ్ ఐ దీ వెడ్”. ఈ ఉంగరంతో నేను నిన్ను వివాహమాడుతున్నాను. దీ ముందుకీ క్రియ వెనక్కీ ఉందని కంగారుపడొద్దు, తెలుగు వాక్యంలోనూ అదే వరస. ఇంకొందరు “విదర్ దౌ గోయెస్ట్, ఐ విల్ గో” అడుగుతారు. నువ్వు ఎక్కడికి వెళ్తే అక్కడికే నేనూ వస్తాను అని, భార్య భర్తతో అన్నట్టు ఎంత బాగుందో. కాకపోతే రూతు గ్రంథంలో ఆ మాట అన్నది కోడలు, అత్తగారితో. చెబుతాను, నవ్వుతారు, అయినా వేయించుకుంటారు. ఒక పెళ్ళికూతురు మాత్రం వింటూనే ఆ లైను కొట్టించేసింది.

దౌకి అసలైన చోటు జ్ఞాపకార్థ కార్డు, సమాధి రాయి. పోయినవాళ్ళని మనం నువ్వనే పిలుస్తాం, ఇంగ్లీషు కవులూ అంతే. కొండల మీది సవర ఊళ్ళలో బాప్టిస్టు సంఘాలు చాలా ఉన్నాయి. అక్కణ్ణుంచి ఒక కుర్రాడు తాతగారి కార్డు కోసం వచ్చాడు. చీటీ మీద “వెల్ డన్, దౌ ఆర్ గుడ్ అండ్ ఫెయిత్‌ఫుల్ సర్వెంట్” అని ఉంది. మత్తయి 25:21. తెలుగులో ‘భళా, నమ్మకమైన మంచి దాసుడా’. ఇది పిలుపు, వాక్యం కాదు. ‘దాసుడా’ అన్నదాంట్లో క్రియ ఎక్కడుంది? దౌ వెనకాల ఏదో ఒకటి లేకపోతే ఖాళీగా ఉందనిపించి ఎవరో మధ్యలో ఆర్ దూర్చారు. ఒకవేళ క్రియ కావాల్సినా అక్కడ ఆర్ట్ రావాలి. ఆ ఆర్ తీసేసి, “దౌ గుడ్ అండ్ ఫెయిత్‌ఫుల్ సర్వెంట్” అని వేసి ప్రూఫు ఇచ్చాను. కుర్రాడు వేలు పెట్టి రెండుసార్లు చదువుకుని, “మా పాస్టరుగారు ఇలాగే చెబుతారండి” అన్నాడు. చెవికి తెలుసు, చేతికే తెలీదు. అందుకే వాక్యం తెచ్చేవాళ్ళు అధ్యాయం, వచనం నంబరు కూడా రాసి తెండి. నేను పుస్తకంలో చూసి అక్షరం అక్షరం పోలుస్తాను. సమాధి రాయైతే మరీ జాగ్రత్త, కార్డు చింపి మళ్ళీ వెయ్యొచ్చు గానీ రాయిని ఏం చేస్తాం?

సన్మాన పత్రాలు ఇంకో రకం. రిటైరయ్యే హెడ్మాస్టరుగారిని “ఓ గురూ, దౌ ఆర్ట్ ది ల్యాంప్” అని మొదలుపెట్టి, మూడో లైనుకి “యువర్ సర్వీస్” అనీ, ఆఖర్న “వీ బిడ్ యూ ఫేర్‌వెల్” అనీ దిగిపోతారు. నువ్వుతో మొదలెడితే చివరిదాకా నువ్వే ఉండాలి. దౌ, దీ, దై పట్టుకున్నాక యూ, యువర్ ఒక్కటి కూడా రాకూడదు. పద్యంలా రాసే పొగడ్తలో దౌ అనడానికి ఇంగ్లీషు కవిత్వంలో అలవాటుంది, అది తప్పు కాదు. కానీ ఎదురుగా కుర్చీలో కూర్చున్న మేస్టార్ని అనడం నాకైతే మనసొప్పదు. కావాలంటే ఆయన చదువు చెప్పిన స్కూలు భవనాన్ని దౌ అనండి.

ఈ ఊళ్ళోనే గిడుగు రామమూర్తి పంతులుగారు ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పారు. వాడుక భాషలో రాయమని పోరాడిన మనిషి తిరిగిన వీధుల్లో కూర్చుని నేను ముసలి ఇంగ్లీషు ఎలా రాయాలో చెబుతున్నాను. కానీ ఆయన చేసిన పనుల్లో ఇదీ ఒకటి: గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రాతల్లోంచే గ్రాంథిక వ్యాకరణం తప్పులు ఏరి చూపించారు. రానిదాన్ని వచ్చినట్టు రాయొద్దని దాని అర్థం. మేటర్లో ఎక్కడైనా అనుమానం వస్తే దౌ తీసేసి యూ పెట్టేయండి. ఎవరికీ లోటు రాదు.

షాపు బోర్డులకి ‘యీ ఓల్డ్’ అని వేయించుకునేవాళ్ళున్నారు. పైన చెప్పిన యీ వేరు, ఇది వేరు. దీన్ని ‘ది’ అనే చదవాలి. పాత ఇంగ్లీషులో థ, ద శబ్దాలకి థార్న్ అనే ఒక అక్షరం ఉండేది. 1476లో విలియం కాక్స్టన్ అనే ఆయన ఇంగ్లండుకి అచ్చుయంత్రం తెచ్చినప్పుడు టైపులు యూరప్ నుంచి వచ్చేవి, వాటిలో థార్న్ లేదు. చేతిరాతలో అప్పటికే వై లాగా కనిపిస్తున్న దాని బదులు అచ్చువాళ్ళు వై పెట్టి సరిపెట్టారు. ఆ సరిపెట్టడాన్నే ఇప్పుడు జనం ‘యీ’ అని చదువుతున్నారు. అచ్చువాళ్ళ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. మా నాన్న చేత్తో టైపులు పేర్చేటప్పుడు ఆయన కేసులో, అంటే టైపులుంచే గడుల పెట్టెలో, బండి ఱ గడిలో దుమ్ము పేరుకుని ఉండేది. 23వ కీర్తన వేయాల్సి వచ్చి, ‘నీ దుడ్డుకఱ్ఱయు’ దగ్గర మాత్రం ఆ గడి వెతుక్కునేవారు. అదే వాక్యానికి ఇంగ్లీషు “దై రాడ్ అండ్ దై స్టాఫ్”, దానికి ముందు “ఫర్ దౌ ఆర్ట్ విత్ మీ”. ఈ కీర్తన బట్టీ పట్టినవాళ్ళు దౌ, దై రెండూ ఎలా వాడాలో ఎప్పటికీ మర్చిపోరు.

ఇక ప్రూఫు చూడడం. కంప్యూటరుని నమ్మకండి. ‘దీ’లో ఒక ఇ రాలిపోతే ‘ది’ అవుతుంది, ఎర్రగీత పడదు. చెవిని కూడా పూర్తిగా నమ్మకండి: దౌ పక్కన వచ్చే డస్ట్‌కీ, దుమ్ము అనే డస్ట్‌కీ ఉచ్చారణ ఒకటే, స్పెల్లింగు వేరు. క్రియకి డి, ఓ. దుమ్ముకి డి, యు. ఆదికాండము 3:19లో “డస్ట్ దౌ ఆర్ట్” అన్నది దుమ్మే, నీవు మన్నే అని. అక్కడ ఓ పడితే అర్థం పోతుంది. ప్రతి వాక్యాన్నీ మనసులో తెలుగు చేసుకుని చూడండి. నువ్వు, నిన్ను, నీ, నీది ఎక్కడ పడుతున్నాయో, క్రియ ‘వు’తో ముగుస్తోందా ‘డు’తో ముగుస్తోందా చూసుకుంటే చాలు.

అక్షరాల సంగతి కూడా చెప్పేస్తాను. పాత ఇంగ్లీషు మాటలకి ఓల్డ్ ఇంగ్లీష్ టెక్స్ట్ అనే కొక్కేల ఫాంటు అడుగుతారు. మొదటి అక్షరం పెద్దది, మిగతావి చిన్నవి అయితే అందంగా ఉంటుంది. అన్నీ పెద్దక్షరాలే అంటే ఆ ఫాంటులో ఎవరూ చదవలేరు, నేనూ వెయ్యను. పేర్లు, తేదీ, ముహూర్తం, కల్యాణమండపం అడ్రసు మాత్రం మామూలు ఫాంటులోనే ఉంచండి. మేటరు వాట్సాప్‌లో ఫొటో తీసి కాకుండా టైపు చేసి పంపితే సగం తప్పులు తగ్గుతాయి. ఒడియా వైపు ప్రూఫు మా ఆయన చూస్తారు, దానికి సాయంత్రం ఆరు తర్వాత రండి.